ఆరు కిలోల భాస్వరం

11,988వ రోజు

మట్టిగదిలోకి రోజూ ఏం వచ్చింది, బయటికి ఏం వెళ్ళింది రాసి పెట్టమని ఇందుమతి ఈ పుస్తకం ఇచ్చింది. ఆమెకి ముప్ఫయ్యొక్కేళ్ళు. ఇక్కడే, ఈ సొరంగాల్లోనే పుట్టింది. నేలనూ నీళ్ళనూ పరీక్ష చేసే పని ఆమెది. నేను ఆమదాలవలస దగ్గర ఒక ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఏడో తరగతి వాడి చేత పుస్తకం రాయిస్తున్నారంటే పరిస్థితి బాగోలేదనే అర్థం.

ఈరోజు వచ్చినవి: వంటశాల నుంచి తొక్కలు, కోళ్ళ పెంట, రెండు వందల అరవై మంది మరుగుదొడ్లు. వెళ్ళింది: నాలుగో సొరంగానికి పదకొండు బుట్టల మట్టి. మనుషులెవరూ రాలేదు.

మనుషులంటే చనిపోయినవాళ్ళు. పెట్టెలో ఎండు తీగల పొట్టు పరిచి, మధ్యలో పడుకోబెట్టి మూత వేస్తే మూడు నెలల్లో కండంతా మట్టి అవుతుంది. ఎముకలు మిగులుతాయి. వాటిని మరలో పొడి చేసి మట్టిలో కలపాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ పని నాదే. ఏడు నెలల క్రితం నా భార్య పైడమ్మ కూడా ఇక్కడికే వచ్చింది. అన్నేళ్ళలో ఆమె ఈ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. వాసన అనేది.

నాలుగో సొరంగంలో చిక్కుడు ఆకులు ఊదారంగుకి తిరిగాయి. మొక్క మోకాలి ఎత్తు దాటడం లేదు. పూత రాలేదు.

"భాస్వరం సాలట్లేదు మావా," అంది ఇందుమతి. "ఆరు కిలోలు కనబడట్లేదు. ఎటు పోతందో తెలీట్లేదు."

"పోడానికి ఇక్కడ ఎటుందే? తలుపు తీత్తే గాలే లేదు."

"అదే కదా నాను అడుగుతున్నాది."

మేం ఉన్నది చందమామ మీద. సొరంగాలు తవ్వడానికి మూడేళ్ళ పనికని మేస్త్రీ మమ్మల్ని కుటుంబాలతో సహా తీసుకొచ్చాడు. పదకొండో ఏట ఓడ రావడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు కూడా ఆగిపోయారు. అప్పటి నుంచి ఉన్నదాంతోనే బతకాలి. ఈ రాతిలో భాస్వరం జాడ ఉంది గానీ, దాన్ని విడదీసే యంత్రం ఆ రాని ఓడలోనే ఉండాలి.

"భూమ్మీద ఇలగుండదా?" అని అడిగాను.

"భూమ్మీద కొండ కరుగుద్ది మావా. వానకి ఏట్లోకెల్తాది, ఏటి నుంచి పొలంలోకి, గింజలోకి, మనిసిలోకి, మల్లీ మట్టిలోకి. మిగిల్నాది సముద్రం అడుగున పేరుకుంటాది. ఆ అడుగే కోట్ల ఏళ్ళకి పైకి లేసి మల్లీ కొండవుద్ది. ఎవులూ తిప్పక్కర్లేదు."

"మరిక్కడ కొండెవులు, ఏరెవులు?"

"రెండూ నువ్వే."

కొండకీ ఏటికీ కలిపి యాభై ఏడేళ్ళు, ఒక మోకాలు నొప్పి. భాస్వరం తగ్గక ఏమవుతుంది.

11,991వ రోజు

వచ్చినవి మామూలే. వెళ్ళింది తొమ్మిది బుట్టలు.

బుట్టలు తీసుకెళ్ళడానికి కాంచన వచ్చింది. నాలుగో సొరంగం తోట ఆమెది. ఐదేళ్ళ పిల్లగా తల్లి చెయ్యి పట్టుకుని నేనొచ్చిన ఓడలోనే వచ్చింది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. నన్ను చిన్నాన్న అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడ అందరం అలా ఏదో ఒకటి అనుకుంటాం.

ఇక్కడ బిడ్డని కనాలంటే వంతు రావాలి. మనిషి ఒంట్లో ముప్పావు కిలో దాకా భాస్వరం ఉంటుందట. అంత భాస్వరం తోటల అవసరం పోగా మిగిలి ఉంటేనే కొత్త మనిషికి చోటు. కాంచన తొమ్మిదేళ్ళు ఆగింది. ఈ ఏడాది ఆమె వంతు. మొన్న సభలో పెద్దలు ఆ వంతు నిలిపేశారు. ఇంకో వంద రోజుల్లోగా లోటు ఎక్కడుందో తేలకపోతే నాలుగో సొరంగం మూసేస్తారు. ఆ తర్వాత ఇక వంతులే ఉండవు.

"ఇంకో రెండేళ్ళాగితే నాను కనీది బిడ్డని కాదు సిన్నాన్న, ముసిల్దాన్ని," అంది కాంచన.

"ముసిల్దైతే మంచిదే కదే. పుట్టంగానే పనిలోకి ఎల్తాది."

నవ్వింది. నవ్వి బుట్ట ఎత్తుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ దింపింది.

"ఈ మట్టిలో ఏటి తక్కువయ్యిందో సూడు సిన్నాన్న," అంది. "నీకు తెలీంది ఏటుంది దీంట్లో."

11,997వ రోజు

ఆరు రోజులుగా మరుగుదొడ్ల పైపులు విప్పుతున్నాం. లోపల తెల్లటి గార గట్టిగా పేరుకుని ఉంది. ఉచ్చలోని భాస్వరమే అలా రాయిగా మారుతుందని ఇందుమతి చెప్పింది. మనిషి రాయిని తినలేడు గానీ రాయిని పొయ్యగలడన్నమాట. ఉలితో గీకి, దంచి, పరీక్ష చేస్తే కిలోన్నర తేలింది.

కాంచన కూడా వచ్చి గీకింది. ఆమె పని కాదు అది. కిలోన్నర అన్నాక ఆమె ముఖం చూసి, ఇంకా పైపులున్నాయి కదే అన్నాను. లేవు. అవే ఆఖరివి.

ఇందుమతి పాత కాగితాలన్నీ ముందు వేసుకుని కూర్చుంది.

"ఒక్కసారిగా పోలేదు మావా. ఇరవై రెండేళ్ళ నుంచి కొంచెం కొంచెం కారతంది. ఒక నెల ఏటీ పోదు. ఇంకో నెల ఉన్నట్టుండి పోద్ది. మొదట్లో సిటికెడు సిటికెడు పోయీది. ఈ పదేళ్ళలో ఎక్కువ పోతంది. పైపు కారితే ఇలగ కారదు."

"మరెలగ కారతాది?"

"మనిసి సేత్తో తీసినట్టుంది."

ఆ మాట అన్నాక నాకేసి చూడలేదు. మళ్ళీ కాగితాల్లోకే చూసుకుంది. నేను ఉలి కడిగి పెట్టేసి వచ్చేశాను.

11,998వ రోజు

వచ్చింది, వెళ్ళింది రాయడం లేదు. ఇరవై రెండేళ్ళుగా వెళ్ళినదాన్ని రాస్తాను.

ఓడ వచ్చే రోజుల్లో ఇక్కడ ఎవరైనా పోతే కాల్చి, అస్థికలు చిన్న డబ్బాలో పెట్టి తిరుగు ఓడలో పంపేవాళ్ళం. అక్కడ మనవాళ్ళు నాగావళిలో కలిపేవాళ్ళు. ఎక్కడ చచ్చినా చివరికి మన ఏట్లోకే వెళ్తామన్న ధైర్యం ఒకటుండేది. ఓడ ఆగిన మరుసటి ఏడు అసిరమ్మ కొడుకు రాయి పడి పోయాడు. తొమ్మిదేళ్ళు. అప్పటికే పెద్దలు కొత్త నియమం పెట్టారు. కాల్చకూడదు, ఏదీ దాచకూడదు, అంతా మట్టిలోకి రావాలి. నన్ను ఈ గదిలో పెట్టారు. ఆ పిల్లాడే నా మొదటి పని.

మూడు నెలల తర్వాత నేను మర తిప్పబోతుంటే అసిరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఓడొత్తే ఏట్లో కలపడానికి ఒక్క ముక్కుండాలి కదా లింగం," అంది.

నేను వేలి ఎముక ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. పావు తులం కూడా ఉండదు. "ఎవులికీ సెప్పకప్పా, నీకొక్కదానికే," అన్నాను.

తర్వాత ఇంకొకరు వచ్చారు. మర పక్కన నిలబడి ఏమీ అడగకుండా ఏడ్చినవాళ్ళకి నేనే అడిగి ఇచ్చాను. నూట ముప్ఫై ఒక్కమంది పోయారు ఈ ఇరవై రెండేళ్ళలో. వేలితో మొదలైంది. తర్వాత వేలు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అంత మనిషికి ఇంతేనా అన్నట్టు చూసేవాళ్ళు. దవడ ఇచ్చాను. జబ్బ ఇచ్చాను. ఈ పదేళ్ళలో తొడ ఎముకలు కూడా ఇచ్చాను. ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పాను. నీకొక్కడికే. నీకొక్కదానికే. చెప్పిన ప్రతిసారీ నిజంగానే అనిపించేది. ఎదురుగా ఉన్నది ఒక్కరే కదా.

ఇవి కలిపితే ఎంతవుతాయని ఒక్కసారీ అనుకోలేదు. ఏడో తరగతిలో కూడికలు బాగానే నేర్పారు. తప్పు బడిది కాదు.

పైడమ్మది కుడిచెయ్యి మొత్తం ఉంచుకున్నాను. మణికట్టు నుంచి వేళ్ళ దాకా. ఇరవై ఏడు ఎముకలు ఉండాలని పుస్తకంలో ఉంది. నా దగ్గర ఇరవై ఆరే ఉన్నాయి. ఆ ఒక్కటీ ఏమైందో నాలుగు నెలలుగా వెతుకుతూనే ఉన్నాను.

12,001వ రోజు

మూడు రోజులు ఆగి ఇందుమతికి చెప్పాను. ఆమె పరీక్ష గదిలో, నిలబడే చెప్పాను.

విన్నాక లేచి వెళ్ళి అరలో వెనక నుంచి ఒక గుడ్డ మూట తీసింది. విప్పకుండానే నాకు తెలుసు. ఆరేళ్ళ క్రితం ఆమె తండ్రిది. మోకాలి కింది ఎముక.

"నీకొక్కదానికే అన్నావు మావా."

"అన్నాను."

"నాను ఐదు నెలల నుంచి ఎతుకుతున్నాను. పైపులు విప్పినాను. తాగే నీళ్ళు సూసినాను. కోళ్ళని కోసి సూసినాను. ఇది నా అరలోనే ఉంది. ఒక్కటే కదా అనుకున్నాను. ఒక్కటైతే లెక్కలోకి రాదు కదా."

"నాకూ అలగే అనిపించింది."

"నీకు నూట ముప్పై సార్లు ఎలగనిపించింది మావా?"

ఆమె మూటని తూకం పళ్ళెంలో పెట్టింది. అంకె చూసింది. రాసుకుంది. తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

12,003వ రోజు

భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టారు. నేను లేచి చెప్పాను. ఎవరెవరికి ఏమిచ్చానో పేర్లు చెప్పలేదు. ఇచ్చానని, తిరిగి కావాలని చెప్పాను. నాలుగో సొరంగం సంగతి చెప్పాను. కాంచన వంతు సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆమె ముందు వరసలోనే కూర్చుని ఉంది.

ఒక్కొక్కరూ పక్కవాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టారు. నీకూనా అన్నట్టు. వాళ్ళు కూడా అలాగే. చివర బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఎముకలు ఇచ్చినందుకు నన్ను ఒక్కరూ తిట్టలేదు. తమకొక్కరికే ఇవ్వలేదని కోపం.

"ఇరవై ఏళ్ళు నువ్వంటే నాకు ఎంత గురో," అంది ఒకావిడ. "నా ఒక్కదాని మీదే నీకంత జాలని నమ్మినాను."

"జాలి నిజమే అప్పా."

"అందరి మీదా ఉండీదాన్ని జాలనరు."

అసిరమ్మ లేచి నిలబడింది. అరవై ఆరేళ్ళు. గొంతు మాత్రం ఇప్పటికీ సొరంగం చివరిదాకా వినిపిస్తుంది.

"అయ్యి ఇచ్చీమంటన్నావు, సరే. మరి ఓడొత్తే?"

రెండు వందల అరవై మందిలో ఓడ రాదని తెలియనివాళ్ళు లేరు. పైకి అన్నవాళ్ళూ లేరు. ఇంట్లో ఒక మూట ఉన్నంతకాలం అనక్కర్లేదు. నేనే అనాలి కాబోలు అనుకున్నాను. నోరు రాలేదు. పెద్దలు సభ ముగించారు.

12,006వ రోజు

మూడు రోజులుగా తెస్తున్నారు. వరస కట్టి రాలేదు. ఒకరు వచ్చి వెళ్ళాక ఇంకొకరు, ఎవరి కళ్ళూ పడకుండా. బియ్యం డబ్బాలో దాచినవాళ్ళున్నారు, తలగడలో కుట్టినవాళ్ళున్నారు. ఒకతను తన అన్న తొడ ఎముకని బట్టలు ఆరేసుకునే దండెంగా వాడుతున్నాడు. మొదట్లో దండం పెట్టేవాడినని, తర్వాత అలవాటైపోయిందని చెప్పాడు. తువ్వాలు తీసి ఇచ్చాడు.

కాగితం మీద ఎవరిదో రాసుకోమని ఇందుమతి చెప్పింది. నాకు అక్కర్లేదు. అన్నీ గుర్తే.

కాంచన తన తల్లి దవడ తెచ్చింది.

"దీంతోటే కదా సిన్నాన్న నన్ను తిట్టీది," అని పళ్ళెంలో పెట్టింది. "ఇంకా తిడతన్నట్టే ఉంది సూడు."

"నీకు బిడ్డ పుడితే దానికొత్తాదిలే ఆ నోరు."

అనేశాక అనకుండా ఉండాల్సిందనిపించింది. ఆమె పళ్ళెం అంచు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నేను తూకం చూడకుండా గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

12,008వ రోజు

అసిరమ్మ రాలేదు. నేనే వెళ్ళాను. కాంచన కూడా వస్తానంది. వద్దన్నా వచ్చింది.

అసిరమ్మ మంచం మీద కూర్చుని ఉంది. గుప్పెట మూసి ఉంది.

"దీన్ని తూస్తే ముల్లు కదల్దురా," అంది.

"కదల్దప్పా."

"మరి నీకెందుకు?"

నా కంటే ముందు కాంచన మాట్లాడింది. "వద్దులే పెద్దమ్మా. నీది నీ కాడే ఉండనీ."

అసిరమ్మ ఆమెని కింద నుంచి పైదాకా చూసింది. "నీకు ముప్పై ఎనిమిదికి బిడ్డ కావాల. నాకు తొమ్మిదేళ్ళోడే ఉన్నాడు, ఎప్పుటికీ. ఓడొత్తాదని నానేటి ఎదురు సూడట్లేదే పిల్లా. ఏట్లో కలపకుండా వాడ్ని ఎలగొగ్గీడం, అదీ నా బాధ."

"ఈ మట్టే మన ఏరప్పా," అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. "నీళ్ళు లేవంతే. మట్టిలోంచి తీగలోకెల్తాది, తీగలోంచి మన ఒంట్లోకి, మన కాడ నుంచి మల్లీ మట్టిలోకి. ఆగదు. నాను ఆపినాను, అదే తప్పు."

మేం లేచి గుమ్మం దాటుతుంటే పిలిచింది. గుప్పెట విప్పి నా చేతిలో పెట్టలేదు, కాంచన చేతిలో పెట్టింది. "జారీసుకోకు," అంది.

కాంచన రెండు చేతులూ కలిపి పట్టుకుని మట్టిగది దాకా నడిచింది.

12,009వ రోజు

తూకం అయిపోయింది. పైపుల గారతో కలిపితే లోటు తీరి, కాంచన వంతుకి మిగిలిందని ఇందుమతి చెప్పింది. పైన నలభై గ్రాములు ఎక్కువే ఉంది.

"అత్తది ఉంచుకో మావా," అంది. "అక్కర్లేదు. లెక్క సరిపోయింది."

నా మొహం చూడకుండా అంది. దయతోనే అంది. నేను ఎన్నిసార్లు ఎంతమందితో అన్న మాటో అది, ఆమె నోట్లోంచి వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇంటికెళ్ళి తెచ్చాను. పైడమ్మ చీర కొంగు చింపి కట్టిన మూట. మరలో పదిమందివి ఒకేసారి పట్టే వీలుంది. ఆమెవి ఒక్కొక్కటే వేశాను. పిడి నేనే తిప్పాను. కాంచన తిప్పుతానంటే వద్దన్నాను.

బొటనవేలు వేస్తున్నప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. అన్నం కలిపి ముద్ద పెట్టేటప్పుడు ఆమె బొటనవేలితో ముద్దని ముందుకు నెట్టేది. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి పెట్టింది నాకు. తర్వాత సిగ్గుపడింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి.

ఇరవై ఆరు. మర శబ్దం అందరి ఎముకలకీ ఒకటే. ఆమెకైనా వేరుగా ఉంటుందేమో అని ఎందుకనుకున్నానో.

పొడిని అందరి పొడిలో కలిపాను. కలిపాక చెయ్యి పెట్టి వెతికినా దొరకదు. అందుకే కలపాలంటారు. నాలుగో సొరంగానికి వెళ్ళినవి: పద్నాలుగు బుట్టలు.

12,104వ రోజు

చిక్కుడు నడుం ఎత్తు వచ్చింది. ఆకు పచ్చగా ఉంది. పూత పట్టింది. పెద్దలు వచ్చి చూసి కాంచన వంతు తిరిగి ఇచ్చారు. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. ఆ వాసనకి ఇంకెవరూ ఒప్పుకోలేదట. ఉంచారు. పైడమ్మ ఉంటే నవ్వేది.

మొన్న పంపు దగ్గర పనిచేసే ఒకతని తల్లి పోయింది. మూడు నెలల తర్వాత అతను మర దగ్గరికి వస్తాడు. అతనితో ఏమనాలో ఇప్పటి నుంచే అనుకుంటున్నాను. ఇప్పటిదాకా ఏ మాటా కుదరలేదు.

12,190వ రోజు

కాంచనకి మూడో నెల.

నాలుగో సొరంగం మొదటి కోత ఈరోజు. వండి అందరికీ పెట్టారు. కాంచనకి ముందు పెట్టారు, ఆమె తోట కదా. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె పళ్ళెం వాసన చూసి మొహం పక్కకి తిప్పేసింది.

"వేవిళ్ళు సిన్నాన్న. ఏదీ దిగట్లేదు. ఇదైతే అసలే దిగట్లేదు."

"నాలుగు గింజలు తినవే. ఎంతమంది కట్టపడ్డారో తెలుసు కదా వీటికి."

"తెలుసు కాబట్టే దిగట్లేదు."

అయినా తింది. ఒక్కో గింజా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మింగింది. నాలుగు తింది. ఐదోది చేతిలో ఉండగానే లేచి మూలకి పరిగెత్తింది. నేను చేతికందిన బొక్కెన తీసుకుని వెనకాలే వెళ్ళి పట్టాను. కక్కుతున్నంతసేపూ వీపు నిమిరాను. ఆమె ఏడుస్తోంది. "పారేసినాను సిన్నాన్న," అంటోంది. "అందర్నీ పారేసినాను."

"ఏటీ పోలేదు. నా కాడే ఉంది."

బొక్కెన మీద మూత పెట్టి మట్టిగదికి తెచ్చాను. కొత్త పెట్టెలో వంపాను. బొక్కెనని కొంచెం నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు కూడా పెట్టెలోనే పోశాను. అడుగున ఒక చిక్కుడు తొక్క అంటుకుని ఉంది. వేలితో తీసి వేశాను. మళ్ళీ కడిగి, మళ్ళీ పోశాను.

ఈరోజు వచ్చినవి: తొక్కలు, కోళ్ళ పెంట, మరుగుదొడ్లు, ఒక బొక్కెన. వెళ్ళింది ఏమీ లేదు.